చర్మపు దద్దులలో మూలుగ జాడలు: ఒక విమర్శ

1964లో ఇంగ్లండులోని ప్లిమత్ నగరమునకు చెందిన చర్మవైద్యుడు రాబర్ట్ డగ్లస్ స్వీట్, ఎనిమిదిమంది స్త్రీలలో తాను చూచిన ఒక వింత వ్యాధిని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీ అను పత్రికలో వర్ణించెను. రోగికి హఠాత్తుగా జ్వరము వచ్చును. రక్తములో న్యూట్రోఫిలులను తెల్లకణముల సంఖ్య పెరుగును. ముఖము, మెడ, చేతుల మీద ఎఱ్ఱని దద్దులు నొప్పితో ఉబికి వచ్చును. ఆ దద్దు నుండి చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో చర్మపు లోపొర నిండ న్యూట్రోఫిలులే క్రిక్కిరిసి యుండును. న్యూట్రోఫిలుల పని సూక్ష్మజీవులతో పోరాడుట. కాని ఇచ్చట సూక్ష్మజీవులు కానరావు. శత్రువు లేని చోట సైన్యము విడిసినట్లుండు ఈ వ్యాధికి తరువాత స్వీట్ పేరే స్థిరపడినది.

కాలక్రమమున ఈ దద్దులు వచ్చినవారిలో కొందరికి రక్తపు క్యాన్సరు గాని, మూలుగ జబ్బులు గాని ఉన్నట్లు వైద్యులు గుర్తించిరి. ఎముకల లోపల మెత్తగా ఉండు మూలుగయే రక్తకణములకు పుట్టినిల్లు. ఎఱ్ఱకణములు, తెల్లకణములు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు పలకకణములు, అన్నియు అచ్చటి మూలకణముల నుండియే పుట్టుచున్నవి. కావున ఒక ప్రశ్న తలయెత్తినది. చర్మములో చేరిన ఈ కణములు ఎవరి సంతానము? ఏదో పిలుపు విని వచ్చిన మంచి కణములా? లేక మూలుగలో చెడిన ఒక మూలకణపు సంతతి చర్మము వరకు వచ్చి చేరినదా?

ఇది పండితుల తర్కము కొరకు పుట్టిన ప్రశ్న కాదు. వచ్చినవి మంచి కణములైనచో వాపును అణచిన చాలును. చెడిన సంతతియే అయినచో వాపును అణచుట పైపై మందు మాత్రమే. చికిత్స మూలుగకు చేయవలసి యుండును. దద్దును చూచి గాని, సూక్ష్మదర్శినిలో కణపు ఆకారమును చూచి గాని ఈ రెంటిని నిశ్చయముగా వేరుచేయుట సాధ్యము కాదు. వేరుచేయగలది ఆ కణములలోని డి.ఎన్.ఏ. అక్షరముల వరుసను చదువుట, అనగా జన్యుక్రమ నిర్ణయము.

2020 నుండి 2023 వరకు వెలువడిన కొన్ని పరిశోధనలు వెక్సాస్ అను ఒక వ్యాధి విషయమున ఈ ప్రశ్నకు చాలవరకు సమాధానము చెప్పినవి. వానిని పొగడినవారు పెక్కుమంది. పొగడ్తకు అవి తగినవే. అయితే అవి ఏమి ఋజువు చేసినవి, ఏమి చేయలేదు అను విచారణ కూడ పాఠకులకు అవసరము. ఈ వ్యాసము ఆ ప్రయత్నము.

జన్యువు నుండి రోగికి

2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో డేవిడ్ బెక్, అతని సహచరులు ప్రకటించిన పరిశోధన వీనిలో మొదటిది. అమెరికా దేశపు జాతీయ ఆరోగ్య సంస్థలలో ఈ పని ప్రధానముగా జరిగినది. సాధారణముగా వైద్యపరిశోధకులు ఒకే విధమైన లక్షణములు గల రోగులను ఒకచోట చేర్చి, వారందరిలో ఉమ్మడిగా ఉన్న జన్యుదోషము కొరకు వెదకుదురు. వీరు ఆ త్రోవను తలక్రిందులు చేసిరి. కారణము తెలియని జ్వరములు, వాపులు మున్నగు బాధలు గల 2,560 మంది జన్యుక్రమములను తీసికొని, లక్షణముల సంగతి ప్రక్కన పెట్టి, యుబిక్విటిన్ అను చిన్న ప్రోటీనుతో సంబంధము గల 800కు మించిన జన్యువులలో దోషముల కొరకు వెదకిరి. కణములో పనికిరాని ప్రోటీనులకు "తొలగింపవలసినది" అను గుర్తు తగిలించు పనిలో యుబిక్విటిన్ ముఖ్యమైనది.

ముగ్గురు పురుషులలో యు.బి.ఏ.1 అను జన్యువునందు ఒకే స్థానములో మార్పు కనబడినది. వెదకగా మఱి 22 మంది దొరకిరి. మొత్తము 25 మంది. అందరును పురుషులే, అందరికిని పెద్ద వయసులోనే వ్యాధి మొదలైనది. అంతకుముందు వారికి వైద్యులు పెట్టిన పేర్లు వేర్వేరు. కొందరికి చెవులు, ముక్కులలోని మృదులాస్థి వాచు వ్యాధియనిరి. కొందరికి స్వీట్ వ్యాధియనిరి. కొందరికి రక్తనాళముల వాపనిరి. కొందరికి మూలుగ జబ్బనిరి. చర్మవైద్యుడు చర్మమును, కీళ్ల వైద్యుడు కీళ్లను, రక్తవైద్యుడు రక్తమును చూచి తమ తమ పేర్లు పెట్టిరి. వ్యాధి మాత్రము ఒక్కటే. ఆ 25 మందిలో 10 మంది పరిశోధన ప్రకటింపబడునాటికే మరణించిరి. పేరు తెలియని వ్యాధి ఎంత ప్రాణాంతకమో ఈ ఒక్క సంఖ్య చెప్పగలదు.

యు.బి.ఏ.1 జన్యువు ఎక్స్ క్రోమోసోము మీద ఉన్నది. ఆ జన్యువు యుబిక్విటిన్ పనిని ప్రారంభించు ఎంజైమును తయారు చేయించును. ఈ ఎంజైమునకు రెండు రూపములు కలవు. జన్యుపాఠమును మొదటి మిథియోనైన్ స్థానము నుండి చదివినచో ముఖ్యముగా కేంద్రకములో పనిచేయు రూపము తయారగును. 41వ స్థానములోని మిథియోనైన్ నుండి చదివినచో కణద్రవములో పనిచేయు రూపము తయారగును. "ఇచ్చట నుండి చదువుము" అను గుర్తు ఏ, టి, జి అను మూడక్షరములు. రోగులలో 41వ స్థానమందలి ఈ మూడింటిలో ఒకటి మారినది. గుర్తు చెడుటచే చదువు యంత్రము ముందుకు పోయి 67వ స్థానములో మొదలు పెట్టుచున్నది. అట్లు పుట్టిన మూడవ రూపము కుఱచది, శక్తిహీనమైనది. కణద్రవములో పనిచేయవలసిన ఎంజైము లోపించుటచే తొలగింపవలసిన ప్రోటీనులు పేరుకొని, వాపును కలిగించు సంకేతములు ప్రబలును. ఈ మాటను పరిశోధకులు ఊహతో వదలక, జీబ్రా చేపలలో ఆ రూపమును తొలగించి, వాటియందును వాపు కలుగుటను చూపిరి. ఈ పరిశోధన బలము ఇక్కడ ఉన్నది. మార్పును చూపుటతో ఆగక, ఆ మార్పు ఏ దారిన కీడు చేయునో కూడ చూపినది.

మఱియొక సూక్ష్మమును గమనింపవలెను. పురుషునికి ఎక్స్ క్రోమోసోము ఒక్కటియే. పుట్టుకతో వచ్చిన మార్పు అందున్నచో రక్తములో చదివిన ప్రతులన్నియు మారినవిగానే ఉండవలెను. ఈ రోగులలో కొన్ని ప్రతులు మారినవి, కొన్ని మారనివి. పైపైన చూచువాడు దీనిని యంత్రదోషమని త్రోసిపుచ్చును. పరిశోధకులు అట్లు త్రోసివేయలేదు. ఒకే మనిషిలో రెండు విధముల కణములున్నవనియు, మార్పు తలిదండ్రుల నుండి రాక జీవితకాలములో మూలుగలోని ఒక మూలకణములో పుట్టినదనియు గ్రహించిరి.

పేరును గూర్చి

వెక్సాస్ అను పేరు ఐదు మాటల మొదటి అక్షరముల కూర్పు. మూలుగ కణములలో కనబడు బుడగల వంటి ఖాళీలు, ఎంజైము తరగతి, ఎక్స్ క్రోమోసోము సంబంధము, తనంతట తానే పుట్టు వాపు, దేహకణములలో వచ్చిన మార్పు అనునవి ఆ ఐదు. పేరు గుర్తుంచుకొనుటకు తేలిక. కాని "ఎక్స్ సంబంధము" అను మాట జన్యుశాస్త్రమును కొంత చదివినవారిని తప్పుదారి పట్టించును. ఎక్స్ సంబంధమైన వ్యాధి యనగానే రక్తము గడ్డకట్టని హీమోఫిలియా వలె తల్లి నుండి కుమారునికి సంక్రమించునదని తలచుట సహజము. వెక్సాస్ అట్లు సంక్రమించునది కాదు. పేరులో చివరనున్న "దేహకణ" అను మాట ఈ సంగతిని చెప్పుచున్నను, ముందున్న మాట కలిగించు భ్రమను అది పూర్తిగా పోగొట్టజాలదు. రోగి కుమార్తెలు, మనుమలు అనవసరముగా భయపడకుండుటకు వైద్యుడు ఈ భేదమును విడమరచి చెప్పవలసి యున్నది.

దద్దులో ఏమి దొరకినది?

మొదటి పరిశోధన రక్తమును, మూలుగను చదివినది. మార్పు మూలుగ మూలకణములలోను, న్యూట్రోఫిలులు మున్నగు కణములలోను ఉన్నది. లింఫు కణములలోను, చర్మము నుండి పెంచిన తంతుకణములలోను లేదు. అయితే చర్మపు దద్దులోనికి వచ్చి చేరిన కణముల మాటేమి? దీనికి 2021లో ఫ్రాన్సు దేశపు వైద్యులు జామా డెర్మటాలజీ పత్రికలో సమాధానమిచ్చిరి. ఎనిమిదిమంది వెక్సాస్ రోగుల మూలుగను, దద్దు ముక్కను ప్రక్కప్రక్కన పెట్టి చదువగా, ప్రతి రోగిలోను మూలుగలో ఉన్న మార్పే దద్దులోను కనబడినది. స్వీట్ నాటి ప్రశ్నకు ఈ రోగుల విషయమున జవాబు దొరకినట్లే. దద్దులో చేరినది చెడిన మూలుగ సంతతి. మూలుగ జబ్బులతో వచ్చు దద్దులను గూర్చి ఇట్టి సూచనలు అంతకుముందు కూడ కొన్ని వచ్చినవి గాని, ఒకే నిర్దిష్టమైన మార్పును ఆనవాలుగా పట్టుకొని రెండు చోట్ల చూపుట వలన ఈ సాక్ష్యమునకు బలము చేకూరినది.

ఇచ్చట విమర్శకుడు ఒక అడ్డుప్రశ్న వేయవలెను. చర్మపు ముక్కను కోయునపుడు రక్తము అంటకుండునా? చర్మములో సన్నని రక్తనాళములు అంతటను ఉన్నవి. రోగి రక్తములో చెడిన కణములున్నవని మనకు ముందే తెలియును. కావున ముక్కలో చిక్కిన రక్తమే ఆ మార్పును చూపియుండవచ్చును గదా? ఉదాహరణకు ముక్కలోని నూరు కణములలో 60 చర్మపు స్వంత కణములు, 40 దద్దులో చేరినవి అనుకొందము. ఆ 40లో 30 చెడినవైనచో, ఎక్స్ ఒక్కటే గల పురుషునిలో నూటికి 30 ప్రతులు మారినవిగా కనబడును. కాని ఆ 30 దద్దులోనివా, నాళములలోనివా అను సంగతి యంత్రము చెప్పదు. ముక్కనంతటిని కలిపి నూరి చదువునప్పుడు ఏ అక్షరము ఏ కణము నుండి వచ్చినదో తెలియదు. జన్యుక్రమ నిర్ణయము అక్షరములను చదువును గాని ఇంటి చిరునామాలను చదువదు.

ఈ అడ్డుప్రశ్నకు సగము జవాబు సూక్ష్మదర్శిని చెప్పును. దద్దులో కణములు క్రిక్కిరిసి యున్నపుడు, నాళములలోని కొలది రక్తము పెద్ద భాగమునకు కారణము కాజాలదు. మిగిలిన సగము జవాబు 2022లో ఫ్రాన్సు నుండియే వచ్చిన మఱియొక పరిశోధన నుండి లభించినది. ఈ పరిశోధకులు వెక్సాస్ రోగులలో వచ్చు చర్మవ్యాధులన్నిటిని ఒకే గాటను కట్టలేదు. న్యూట్రోఫిలులు నిండిన దద్దులలో మార్పు దొరకినది. కాని చిన్న రక్తనాళముల వాపుతో వచ్చిన మచ్చలలోను, చర్మము క్రింది క్రొవ్వుపొరలోని గోడల వాపుతో వచ్చిన గడ్డలలోను అది దొరకలేదు. మొదటి తరగతిని చెడిన సంతతి స్వయముగా చేరినదిగాను, రెండవ తరగతిని ఆ సంతతి ప్రభావమున ఇతర కణములు చేసినదిగాను వారు విభజించిరి.

నా ఉద్దేశమున ఈ మొత్తము పరంపరలో మిక్కిలి విలువైన ఫలితము ఈ "దొరకలేదు" అనునదియే. నాళములలోని రక్తమే అన్ని చోట్ల మార్పును చూపుచున్నచో, నాళముల వాపుగల మచ్చలలో కూడ అది కనబడియుండవలెను. కనబడలేదు. కావున మొదటి తరగతిలో కనబడినది రక్తపు మరకకాదని నమ్ముటకు ఆధారము దొరకినది. దొరకిన దానిని ప్రకటించువారు పెక్కురు. దొరకని దానిని ప్రక్కన నిలిపి చూపినపుడే దొరకిన దానికి విలువ వచ్చును.

అయినను ఒక హెచ్చరిక అవసరము. లేదనుటకును, కనబడలేదనుటకును భేదము కలదు. ముక్కలో చెడిన కణములు నూటికి ఒకటి రెండు మాత్రమే ఉన్నచో కొన్ని పద్ధతులు వానిని పట్టజాలవు. కావున రెండవ తరగతిలో చెడిన కణములు బొత్తిగా లేవనుటకంటె, ఆ దద్దును నిర్మించునంతటి సంఖ్యలో లేవనుట సమంజసము. రోగుల సంఖ్య కూడ చాల తక్కువ. ఎనిమిదిమందిలో ఎనిమిదిమందికి అన్నపుడు నూటికి నూరు అని వ్రాయుటకు చేయి త్వరపడును. అది గణితమునకు సరిపోవును గాని, తొమ్మిదవ రోగి విషయమున హామీ కాజాలదు.

చర్మమును సాక్షిగా పిలుచుటలో చిక్కు

మూలుగ జబ్బులను పరీక్షించు ప్రయోగశాలలు మఱియొక కారణమున కూడ చర్మమును చదువుచుండును. రక్తములో కనబడిన మార్పు పుట్టుకతో వచ్చినదా, తరువాత వచ్చినదా అని తేల్చుటకు రక్తముతో సంబంధము లేని కణములు కావలెను. అందుకు చర్మము నుండి పెంచిన తంతుకణములను వాడుదురు. రెండు చోట్ల మార్పున్నచో పుట్టుకతో వచ్చినదనియు, రక్తములో మాత్రమే ఉన్నచో తరువాత వచ్చినదనియు నిర్ణయింతురు.

పై పరిశోధనలు ఈ ఆచారమునకు కూడ ఒక గుణపాఠము. తంతుకణములను పెంచక, చర్మపు ముక్కను ఉన్నదున్నట్లు చదివి, పైగా ఆ ముక్క దద్దు నుండి తీసినదైనచో ఏమగును? మూలుగ కణములే అందులో ఉండును. మార్పు రెండు చోట్లను కనబడును. తరువాత వచ్చిన మార్పును పుట్టుకతో వచ్చినదని పొరబడుటకు అవకాశము కలుగును. ఆ పొరపాటు ఫలితముగా రోగి కుటుంబమంతయు పరీక్షలకు తిరుగవలసి యుండును. రోగి చికిత్స వేఱు దారి పట్టును. చర్మము స్వతంత్ర సాక్షి కావలెనన్నచో, అది దద్దు లేని చోటు నుండి తీసినదై, దానిలో పెరిగినవి తంతుకణములే అయి యుండవలెను.

ఎందరికి ఉన్నది?

2023లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు గైసింగర్ ఆరోగ్య వ్యవస్థకు చెందిన 1,63,096 మంది జన్యుక్రమములను పరిశీలించి, వారిలో 11 మందికి యు.బి.ఏ.1లో హానికరమైన మార్పులున్నట్లు కనుగొనిరి. తొమ్మిదిమంది పురుషులు, ఇద్దరు స్త్రీలు. పదునొకండుగురికిని రక్తహీనత యుండెను. 50 ఏండ్లు దాటిన పురుషులలో 4,269 మందికి ఒకరు చొప్పున ఈ వ్యాధి యుండవచ్చునని అంచనా కట్టిరి. అపురూపమని తలచిన వ్యాధి అంత అపురూపము కాదని ఈ పరిశీలన తెలిపినది. స్త్రీలకు రానే రాదను మొదటి అభిప్రాయమును కూడ సవరించినది.

ఈ అంచనా మాటిమాటికి వాడుకలోనికి వచ్చుచున్నది. అది ఎవరి అంచనాయో మాత్రము మఱచుచున్నారు. ఆ జనులలో నూటికి 94 మంది శ్వేతజాతీయులు. ఒక రాష్ట్రములో ఒక ఆరోగ్య వ్యవస్థకు వచ్చినవారు. పదునొకండు అను చిన్న సంఖ్య మీద ఈ లెక్క నిలిచియున్నది. 4,269ని తీసికొనిపోయి మన దేశపు వృద్ధుల సంఖ్యను దానితో భాగించి, ఇంతమంది రోగులున్నారని ప్రకటించుట శాస్త్రము కాదు. ఇతర జనులలో అట్టి పరిశీలన జరిగినపుడే ఆ మాట చెప్పవచ్చును.

రోగికి దీనివలన ప్రయోజనమేమి?

వెక్సాస్‌ను నిర్ధారించుటకు చాలమంది రోగులలో రక్తమును చదివిన చాలును. చర్మమును కోయనక్కర లేదు. అందుచే చర్మమును చదువుట ఎందులకు అని ఎవరైన అడిగినచో అది న్యాయమైన ప్రశ్నయే. దీనికి రెండు సమాధానములున్నవి.

మొదటిది, పేరు తెలియని రోగి సంగతి. ఏండ్ల తరబడి దద్దులతో, జ్వరముతో, రక్తహీనతతో బాధపడు వృద్ధుడు మొదట చేరునది తఱచు చర్మవైద్యుని వద్దకే. ఆ దద్దులో చెడిన సంతతి దొరకినచో చూపు మూలుగ వైపు మరలును. స్టీరాయిడులు ఈ వ్యాధిలో వాపును తగ్గించును. మోతాదు తగ్గించిన వెంటనే వాపు మరల లేచును. దీర్ఘకాలము ఎక్కువ మోతాదులో వాడినచో ఎముకలు గుల్లబారును, చక్కెర పెరుగును, అంటువ్యాధులు సులభముగా సోకును. మూలుగ మీద పనిచేయు అజాసైటిడిన్ అను మందు కొందరిలో ఫలించినది. ఇతరుల మూలుగ మూలకణములను మార్పిడి చేయుట చెడిన సంతతిని తొలగింపగల మార్గమే గాని, పెద్ద వయసువారికి ఆ చికిత్స స్వయముగా ప్రమాదకరమైనది. ఇట్టి నిర్ణయములు తీసికొనుటకు ముందు వ్యాధి ఎక్కడ ఉన్నదో తెలియవలెను.

రెండవది, పేరు తెలిసిన రోగి సంగతి. అతనికి క్రొత్తగా దద్దు వచ్చినది. అది వ్యాధి తిరుగబెట్టుటయా, మందు పడకపోవుటయా, ఏదైన అంటు సోకుటయా? మూడింటికి మూడు వేర్వేరు చికిత్సలు. రక్తములో మార్పు అతనికి ఎల్లప్పుడును ఉండునదే గనుక రక్తపరీక్ష ఇచ్చట ఉపయోగపడదు. దద్దునే చదువవలెను. నా అభిప్రాయమున చర్మపు జన్యుక్రమ నిర్ణయమునకు నిజమైన స్థానము ఇదియే. అయితే అప్పుడు కూడ దానిని సూక్ష్మదర్శిని ప్రక్కన పెట్టి చదువవలెను గాని, దానికి బదులుగా కాదు.

ఇకముందు జరుగవలసినది

ఈ పరిశోధనలు ఒక పాతప్రశ్నకు జవాబు చెప్పినవి. ఒక వ్యాధికి సరియైన స్థానము చూపినవి. వీనిలోని కొఱతలు పరిశోధకుల అజాగ్రత్త వలన కలిగినవి కావు; వ్యాధి క్రొత్తది, రోగులు కొందరు. ఇకముందు జరుగు పరిశోధనలు ఒకే రోగి నుండి ఒకే కాలమున రక్తమును, మూలుగను, దద్దును, దద్దు లేని చర్మమును తీసికొని చదువవలెను. ముక్కనంతటిని కలిపి నూరుటకు బదులు కణజాతులను వేరుచేసి చదువవలెను. స్త్రీలను, ఇతర జాతుల ప్రజలను చేర్చుకొనవలెను. దొరకని ఫలితములను దొరకిన వానితో సమానముగా ప్రకటింపవలెను. 41వ స్థానము కాక ఇతర స్థానములలోని మార్పులును ఈ వ్యాధిని కలిగించునని తరువాత తెలిసినది. కావున ఒక్క చోట మాత్రమే వెదకి లేదని చెప్పుట కూడ మానవలెను.

విద్యార్థులకు ఒక్క మాట. జన్యువును కనుగొంటిమను వార్త పత్రికలలో కనబడినపుడు, ఏ జన్యువు అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. ఏ కణములో, ఎంత భాగములో, దేనితో పోల్చి అని అడుగవలెను. చర్మపు దద్దులలో మూలుగ జాడలను పట్టిన పరిశోధకులు విజయము పొందినది ఈ మూడు ప్రశ్నలను తమకు తాము వేసికొనుట వలననే. వారి పనిని చదువు మనము కూడ ఆ ప్రశ్నలనే వేయుట వారికి చూపదగిన గౌరవము.